పసివాని బుద్ధియు, పశుపక్ష్యాదుల నేర్పును



దప్పిగొన్న కాకి కడవలో గులకరాళ్ళు వేసి నీటిని పైకి రప్పించుకొన్న కథ మీరెఱుగనిది కాదు. మనుమలకు, మనుమరాండ్రకు మీరే చెప్పియుందురు. అది వట్టి కథయని మనము చాలకాలము అనుకొంటిమి. 2009వ సంవత్సరమున ఇంగ్లండు దేశమున బర్డు, ఎమరీ అను పరిశోధకులు కాకిజాతికి చెందిన నాలుగు పక్షులతో దానిని పరీక్షించి చూచిరి. లోపలిది వెలుపలికి కనబడు గొట్టమొకటి నిలిపి, కొంతవఱకు నీరు పోసి, నీటిపై పురుగును తేలవిడిచి, ప్రక్కన రాళ్ళు పెట్టిరి. పక్షులు రాళ్ళను ఒక్కొక్కటిగా జారవిడిచి, పురుగు ముక్కున కందువఱకు నీటిని లేపి తినినవి. చిన్నరాళ్ళకంటె పెద్దరాళ్ళు వేసిన పని త్వరగా తీరునని కూడ కొలది ప్రయత్నములలోనే గ్రహించినవి.

ఇదే పరీక్షను పసిపిల్లలకు పెట్టిన నేమగును? కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమువారు అదియు చేసి, 2012లో ఫలితమును ప్రకటించిరి. నాలుగేండ్లు మొదలు పదేండ్లవఱకు గల పిల్లల ముందు అట్టి గొట్టములనే ఉంచిరి. పురుగునకు బదులు నీటిపై తేలెడి చిన్న బిళ్ళ, తీసియిచ్చినవారికి బహుమానము. ఐదు మొదలు ఏడేండ్లవఱకు గల పిల్లలు, కాకికి దగ్గఱి చుట్టమైన జే అను పక్షివలెనే, పలుమార్లు వేసి చూచి నేర్చుకొనిరి. ఎనిమిదేండ్లవారు మొదలు పైవారు మొదటిసారియే చేయగలిగిరి.

ఇట్టి వార్తలు వెలువడినప్పుడెల్ల పత్రికలవారు కాకికి ఏడేండ్ల పిల్లవాని తెలివి కలదని వ్రాయుదురు. ఆ మాట నాకు సరిపడదు. ఎద్దును బస్తా మోయును, కూలివాడును బస్తా మోయును. ఆ ఒక్క పనిలో సమానులైనంత మాత్రమున ఇద్దఱిని ఒకే త్రాసున తూచగలమా? మన ఇండ్లలో ఈ మాటయే మఱియొక రూపమున వినబడుచుండును. గిన్నెమూత తీయలేక తికమకపడు పిల్లవానిని చూచి 'కోతికున్న తెలివి నీకు లేదురా' అందుము. నవ్వుచు అన్నను పసివాని మొగము చిన్నబోవును. ఆ మాటలో నిజమెంతయో నేడు కొంచెము విచారింతము.

ఇట్టి పరీక్షలలో మోసపోవుటకు చాల అవకాశము కలదని ముందుగా చెప్పవలెను. సంక్రాంతికి మన వాకిటికి వచ్చు గంగిరెద్దును చూడుడు. 'అయ్యగారికి దండము పెట్టు' మనగానే తల వంచును. అది మాట తెలిసి చేయుట కాదనియు, ఆడించువాని చేతిసన్న తెలిసి చేయుననియు మీరెఱుగుదురు. జర్మనీ పండితులకు ఈ సంగతి తెలియుటకు కొంతకాలము పట్టినది. 1904 ప్రాంతమున బెర్లిను నగరమున హాన్సు అను గుఱ్ఱము లెక్కలు చేయుచున్నదని పేరు పొందెను. మూడును నాలుగును ఎంత యని అడిగిన, గిట్టతో ఏడుమార్లు నేలను తట్టెడిది. 1907లో ఫుంగ్‌స్టు అనువాడు శ్రద్ధగా పరీక్షించి, అడుగువానికి జవాబు తెలియనప్పుడు గుఱ్ఱమునకును తెలియదని తేల్చెను. సరియైన సంఖ్య రాగానే అడుగువాని తల రవంత కదలును. గుఱ్ఱము దానిని కనిపెట్టి ఆగును. యజమాని మోసగాడు కాడు, తన తల కదలుచున్నదని ఆతనికే తెలియదు. మన గంగిరెద్దులవానికి తాను చేయునదియైనను తెలియును!

వేఱొక చిక్కును కలదు. పిల్లవాడు తల్లి దాపున కూర్చుండి, తన జాతివాని మొగము చూచుచు, మాటలతో చెప్పగా విని పరీక్షలో పాల్గొనును. వానరము పరజాతివాని ఎదుట, మాట తెలియక పాల్గొనవలెను. ఫలితములను వినునప్పుడు ఈ తేడాను మనస్సున ఉంచుకొనుట న్యాయము.

ఇక కోతుల మాట. మన బొగ్గుబాయిల సీమకు ఈ విషయమున ఒక విశేషము కలదు. మన దేశమున ఊళ్ళలో తిరుగు కోతులు ముఖ్యముగా రెండు జాతులవి. ఉత్తరదేశపు కోతికి మొగమును పిఱుదులును ఎఱ్ఱన, తోక పొట్టి. దక్షిణదేశపు కోతికి తోక పొడవు. నడినెత్తిన వెండ్రుకలు టోపీ పెట్టినట్లు విచ్చుకొని యుండును. తూర్పువైపున ఈ రెండు జాతులకును పూర్వము గోదావరియే ఎల్లగా నుండెనని జంతుశాస్త్రజ్ఞులు వ్రాసిరి. అనగా రమారమి ఏటికి ఆవల మంచిర్యాల వైపు ఒక జాతి, ఈవల రామగుండము వైపు మఱియొక జాతి. గత కొన్ని దశాబ్దములలో ఉత్తరపు కోతి దక్షిణమునకు వ్యాపించి, టోపీకోతిని దాని తావులనుండి నెట్టివేయుచున్నది. మీ ఊరిలో తిరుగుచున్నది ఏ జాతియో తోకను చూచి మీరే చెప్పగలరు.

వాని బాధను నేను మీకు వర్ణింప నక్కఱలేదు. కోతులకు జడిసి పల్లి, కూరగాయలు వేయుట మానుకొన్న రైతులు తెలంగాణపు పల్లెలలో ఎందఱో కలరు. దిష్టిబొమ్మ పెట్టిన నాలుగు దినములు బెదరును; ఐదవనాడు దాని తలపైనే కూర్చుండును. పులిబొమ్మకును అదే గతి. కొండముచ్చును తెచ్చి కట్టినచో, అది ఎంతదూరము రాగలదో త్రాటి పొడవును కనిపెట్టి ఆవలినుండి మక్కకంకులు విఱుచును. కంటితో చూచి, ఫలితమును గుఱుతుంచుకొని, దానినిబట్టి నడచుకొనుట తెలివి కాదని ఎవడనగలడు?

కర్ణాటకమందలి బందీపురమున టోపీకోతులు మనుష్యులవైపు చేయి చాచి, ఒక విధమైన కూత కూసి, తిండి నడుగుచున్నవని 2018లో మన దేశపు పరిశోధకులు ప్రకటించిరి. ఎదుటివాడు తమవైపు చూచుచున్నాడో లేదో గమనించియే చేయి చాచునట. బాలీ ద్వీపమున ఉలువాటు దేవాలయపు కోతులు వీనిని మించినవి. యాత్రికుల కండ్లజోళ్ళు, ఫోనులు లాగుకొని, తిండి ఇచ్చినగాని తిరిగి ఇయ్యవు. పెద్దకోతులు విలువగల వస్తువునే ఏరి దొంగిలించి, నచ్చిన తిండి దొరకువఱకు బేరమాడునని 2021లో ప్రకటితమైన పరిశోధన తెలిపినది. కోతిపిల్లలకు ఈ నేర్పు పుట్టుకతో రాదు; నాలుగేండ్లు వచ్చువఱకు క్రమముగా నేర్చుకొనవలెను.

ఎవరును చూపకయే చిక్కు విప్పుకొన్న జంతువులును కలవు. 1913 మొదలు కొన్ని సంవత్సరములు టెనెరీఫు అను దీవిలో కోహ్లరు అను జర్మను పండితుడు చింపాంజీలను పరీక్షించెను. వానిలో సుల్తాను అనునది, చేతికందని పండుకొఱకు రెండు వెదురుకఱ్ఱలను ఒకదానిలో ఒకటి దూర్చి పొడవు చేసికొన్నది. వాషింగ్టను జంతుశాలలో కందుల అను ఏడేండ్ల ఏనుగు, ఎత్తున కట్టిన పండ్ల క్రిందికి ఒక పెద్ద పెట్టెను దొర్లించుకొనిపోయి, దానిపై కాలుంచి అందుకొన్నది. ఇది 2011లో ప్రకటితమైన సంగతి. కందుల అనునది ఏనుగు పేరు. మన కందిచేనికిని దానికిని సంబంధము లేదు.

ఇంతవఱకు విన్నచో పసివాడే వెనుకబడినట్లు తోచును. ఇప్పుడు ఒక చిన్న పరీక్షను వినుడు. నా అభిప్రాయమున ఈ విషయమంతయు అందులోనే ఇమిడియున్నది.

ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయమున బెట్టీ అను కాకి యుండెను. అది ఆస్ట్రేలియాకు తూర్పుననున్న న్యూ కాలెడోనియా దీవిజాతికి చెందినది. లోతైన గొట్టము అడుగున పిడిగల చిన్న బొక్కెన, అందులో తిండి. జతకాకి కొక్కెముగల తీగను ఎత్తుకొనిపోగా, బెట్టీ తిన్నని తీగను తానే వంచి, కొక్కెము చేసి, బొక్కెనను పైకి లాగెను. 2002లో ఈ వార్త ప్రపంచమంతట ప్రాకినది. అడవిలోని ఆ జాతికాకులు పుల్లలను వంచుట సహజమేనని 2016లో తెలిసినందున ఆ వింత కొంత తగ్గినదిగాని, బెట్టీ నేర్పు మాత్రము నేర్పే. పరిశోధకులు ఇదే చిక్కును పిల్లల ఎదుట పెట్టిరి. 2011లో వెలువడిన ఫలితమేమనగా, ఐదేండ్ల లోపు పిల్లలలో తీగను వంచి కొక్కెము చేసినవారు బహుస్వల్పము. ఎనిమిదేండ్లు వచ్చిన తరువాతనే ఎక్కువమంది చేయగలిగిరి. ఇంతవఱకు కాకిదే గెలుపు. కాని తీగను ఎట్లు వంచవలెనో ఒక్కసారి చేసి చూపగానే, అంతకుముందు దిక్కుతోచక కూర్చున్న ఆ పసివారే చాలమంది చటుక్కున వంచి, బొక్కెనను లాగివేసిరి.

తానుగా కనిపెట్టుటలో పసివాడు మందుడు; చూపినదానిని పట్టుకొనుటలో వానికి సాటి లేదు. జర్మనీయందలి శాస్త్రజ్ఞులు 2007లో ప్రకటించిన పెద్ద పరీక్షలోను ఇదియే తేలినది. 106 చింపాంజీలు, 32 ఒరాంగుటానులు, రెండున్నర ఏండ్లు గల 105 మంది పిల్లలు అందు పాల్గొనిరి. దాచిన వస్తువు నెఱుగుట, ఎక్కువ తక్కువలు పోల్చుట మొదలగు పనులలో చింపాంజీలును పిల్లలును ఇంచుమించు సమానులు. ఇతరుని చూచి నేర్చుకొను పనిలో మాత్రము పిల్లలు ఎంతో ముందుండిరి.

చూచి నేర్చుటలోనైనను పిల్లవాని తీరు వేఱు. 2005లో హార్నరు, వైటెను అనువారు ఒక పెట్టెను చేయించిరి. అందులో తినుబండారము కలదు. చూపువాడు ముందు పుల్లతో పెట్టె పైభాగమున పొడిచి, తరువాత ముందువైపు రంధ్రమున పుల్ల దూర్చి, తిండి తీయును. పైన పొడుచుట వట్టి పని. దానికిని తిండికిని సంబంధము లేదు. పెట్టె లోపల ఏమున్నదో కనబడనప్పుడు చింపాంజీలు రెండు పనులను చేసినవి. లోపలిది కనబడు పెట్టె నిచ్చినచో, పైపని వ్యర్థమని గ్రహించి, అది మాని, తిన్నగా తిండి తీసికొన్నవి. మూడు నాలుగేండ్ల పిల్లలో? కనబడు పెట్టెయైనను వ్యర్థమైన పనిని కూడ తు.చ. తప్పక చేసిరి.

చదివినప్పుడు నవ్వు వచ్చును. చింపాంజీ వివేకి, పిల్లవాడు వెఱ్ఱివాడు అని తోచును. కాని బొగ్గుబాయిలో దిగినవానికి ఈ సంగతి వేఱుగా కనబడును. భూగర్భగనిలో అనుభవశాలియైన కార్మికుడు పని మొదలిడుటకు ముందు కఱ్ఱతోగాని, కడ్డీతోగాని రూఫును, అనగా తలపైనున్న కప్పును, తట్టి చెవి యొగ్గి వినును. గట్టి శబ్దము వచ్చిన కప్పు గట్టిది. డొల్లశబ్దము వచ్చిన పొర విడినది, క్రింద నిలువరాదు. క్రొత్తగా చేరిన పడుచువానికి ఆ రెండు శబ్దముల తేడా మొదటిదినము తెలియదు. ఏల తట్టవలెనో కూడ పూర్తిగా తెలియదు. ఐనను పెద్దవాడు తట్టెను గనుక తానును తట్టును. తట్టి తట్టి, కొన్ని నెలలకు చెవి తయారగును. కప్పును తట్టిన చేతికి పండు రాదు, తిండి రాదు. నూఱుమార్లు తట్టినను కంటికి కనబడు లాభమేమియు లేదు. చింపాంజీవలె 'దీనివలన ఏమి చిక్కుచున్నది' అని లెక్కించువాడు రెండవనాడే మానివేయును. కారణము తెలియకమునుపే పెద్దలు చేసిన పనిని చేయు ఈ గుణము లేకున్న, తరములనుండి వచ్చిన జ్ఞానము ఒక తరమునుండి మఱియొక తరమునకు దిగదు. విత్తనమును ఎండబెట్టుట, గాదెను అలుకుట, పసికందును ఎత్తుకొనునప్పుడు మెడక్రింద చేయి యుంచుట, ఏదైనను అంతియే.

కాకి పరీక్షలలోను దీని పోలిక కలదు. రెండు గొట్టములు అడుగున కంటికి కనబడకుండ కలిసియుండును. ఒకదానిలో రాయి వేసిన, ప్రక్కదానిలో నీరు లేచును. చూచుటకు కనికట్టువలె నుండును. పక్షులు దీనిని నేర్వలేకపోయినవి. పిల్లలు, ఎట్లగుచున్నదో తెలియకున్నను, ఇందు వేసిన అందు లేచుచున్నది గదా యని నేర్చుకొనిరి.

ఈ గుణమునకు వేఱొక ప్రక్క కలదు. అది చెప్పక విడుచుట ధర్మము కాదు. పసివాడు చూచినది జల్లెడపట్టడు. తాత బీడీ వెలిగించి, అగ్గిపుల్లను మూడుమార్లు ఆడించి ఆర్పిన, మనుమడు బలపమును నోట పెట్టుకొని, మూడుమార్లే చేయి ఆడించును. సాయంత్రము తండ్రి సీసా తెచ్చిన, ఆ సీసా పట్టుకొను తీరు వరకు వాడు నేర్చును. కోతిపిల్లకు ఈ అపాయము తక్కువ, లాభము లేనిదానిని అది పట్టించుకొనదు.

మన సీమలో ఇప్పటి స్థితి యేమి? 1960ల నాటినుండి గోదావరిఖని ప్రాంతమున గనులు పెరిగి, చుట్టుపట్ల పల్లెలవారు ఎందఱో బాయిపనికి పోయి క్వార్టర్లలో కాపురములు పెట్టిరి. ముసలివారు చాలవఱకు ఊళ్ళలోనే నిలిచిరి. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన తండ్రి పగలు నిద్రించును. 'నాయన పండుకొన్నాడు, చప్పుడు చేయకు' అని తల్లి బిడ్డ చేతికి ఫోను నిచ్చును. ఆమెను తప్పుపట్టలేము, రెండు గదుల ఇంట వేఱుదారి యేది? ఐతే, రెండేండ్ల లోపు పిల్లలు ఎదుటనున్న మనిషి చేసి చూపిన పనిని నేర్చినంత సులభముగా, ఆ పనినే తెరపై చూచి నేర్వరని 1999లోను, ఆ తరువాతను జరిగిన పరీక్షలు తెలిపినవి. చూపుటకు మనిషి లేనప్పుడు, ఆ పసివానికి మిగులునది తాను స్వయముగా కనిపెట్టుట మాత్రమే. అందులో వాడు కాకికంటె వెనుక అని ఇంతకుముందే వింటిమి.

కావున సెలవులకు మనుమడు ఊరికి వచ్చినప్పుడు వాని తెలివిని పరీక్షించి తీర్పు చెప్పుటకు తొందరపడకుడు. వేసవిలో ఒక పూట ఇట్లు చేసి చూడుడు. మూతి వెడల్పుగల లోతైన సీసాలో పిడిగల చిన్న డబ్బాను దింపి, అందులో బెల్లపుముక్క వేయుడు. కొన మొన లేని మెత్తని తీగను పిల్లవాని చేతికిండు. నాలుగేండ్లవాడైన చాలవఱకు తీగను తిన్నగానే దూర్చి పొడుచుచుండును. కొంతసేపు ఊరకుండుడు. 'ఇంత తెలియదా' అనకుడు. తరువాత మాటాడక, వాడు చూచుచుండగా తీగ కొనను వంచి, మరల తిన్నగా చేసి, వాని చేతికే ఇండు. మఱి కొన్ని దినములకు అదే సీసాను వాని చెల్లెలిముందు పెట్టి, వాడేమి చేయునో గమనింపుడు. చాల ఇండ్లలో వాడే ఉపాధ్యాయుడగును.

ఊరిలో అంగన్‌వాడీ యున్నవారు అక్కడికిని ఒకపూట పోవచ్చును. 1975 అక్టోబరు 2వ తేదీన దేశమున ఆరంభమైన ఆ పథకము ఆరేండ్లలోపు పిల్లలకు తిండితోపాటు ఆటపాటలను కూడ ఉద్దేశించినది. త్రాడు పేనుటయో, ఆకుతో బూర చేయుటయో వచ్చిన తాత ఒక్కడు అరగంట కూర్చున్న, అక్కడి బిడ్డలకు చూచుటకు ఒక పని దొరకును.

చివరగా ఒక పాత సంగతి చెప్పి సెలవు తీసికొందును. 1931వ సంవత్సరమున అమెరికాలో కెల్లాగు దంపతులు తమ పది నెలల కొడుకు డొనాల్డుతో కూడ, గువా అను ఏడున్నర నెలల చింపాంజీ పిల్లను ఇంట పెంచిరి. ఇద్దఱికిని ఒకే బట్టలు, ఒకే ముద్దులు, ఒకే పరీక్షలు. చింపాంజీ మనుష్యబుద్ధి నెంతవఱకు అలవఱచుకొనునో చూడవలెనని వారి కోరిక. మొదట గువాయే ముందుండెను. చెప్పిన మాట వినుటలోను, తలుపు తీయుటలోను, గ్లాసుతో త్రాగుటలోను బిడ్డకంటె అదియే మేలనిపించుకొన్నది. తొమ్మిది నెలలు గడచినవి. ఆ కాలములో గువా ఒక్క మనుష్యుల మాటయైనను పలుకలేదు. డొనాల్డు మాత్రము తిండి కనబడినప్పుడు గువా కూయు కూతను అచ్చముగా కూయ మొదలిడెను. 1932 మార్చి 28వ తేదీన గువాను తిరిగి దాని తావునకు పంపివేసిరి.